నందిని రోడ్డు మలుపు

మా ఆయన ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక ఆయన మోటారు సైకిల్ గుమ్మం పక్కన పాత దుప్పటి కప్పుకుని ఉండేది. మా అమ్మాయికి నందిని సున్నపురాయి గనుల దగ్గర ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది. మేముండే ఖుర్సీపార్ నుంచి షేర్ ఆటో నిండేదాకా కదలదు. దిగిన చోట ఇంకో ఆటో దొరకదు. కొన్నాళ్లు చూసి, ఒక పొద్దున్న అమ్మాయే ఆ దుప్పటి లాగేసింది.

"స్కూటీ కొనుక్కోవే, ఆడగుంటవి," అన్నారు ఆయన.

"గేర్లుంటేనే మజా నాన్నా. స్కూటీ మీద కూర్చుంటే కుర్చీ మీద కూర్చున్నట్టుంటది."

మా వీధిలో ప్లాంటు వాళ్లు చాలామంది చేసే పనే మేమూ చేశాం. ఆయన డ్యూటీలో పెట్టుకున్న పసుపు హెల్మెట్ అమ్మాయి నెత్తిన పెట్టాం. ఒకసారి మిల్లులో పైనుంచి పెద్ద బోల్టు ఊడిపడితే ఆయన తలను కాచింది ఆ హెల్మెటే. అందుకే దాన్ని దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించుకున్నాం. అంత ఇనుము దెబ్బ ఆపింది, రోడ్డు మీద ఆపదా అనుకున్నాం.

ఒక ఆదివారం అమ్మాయి నన్ను వెనక ఎక్కించుకుంది.

"అమ్మా, గట్టిగా పట్టుకో. నా పీక కాదు, నడుం!"

బజారు దాటేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి రోడ్డంతా ఖాళీగా ఉంది. గాలికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. నేను అక్షరాలు నేర్చుకున్నది పిల్లలు పెద్దయ్యాకే, ముందు తెలుగు, తరవాత హిందీ. నడిచి వెళ్తే ఏ బోర్డయినా దాని ముందు ఆగి కూడబలుక్కుంటాను. ఆ రోజు ఆగడానికి లేదు. బోర్డు ఎదురొచ్చి, పక్కకొచ్చి, వెనక్కి పోయేలోగా చదివేయాలి. టైర్ల కొట్టు, ఢాబా, మందుల షాపు, వరసగా పైకి అరిచి చదివాను. అమ్మాయి నవ్వుతుంటే ఆ కదలిక నా చేతులకి తెలుస్తోంది.

"ఇంకొంచెం జోరుగా పోనీ," అన్నాను.

వానలు మొదలయ్యాయి. ఆ రోడ్డు మీద సున్నపురాయి లారీలు తిరుగుతాయి. వాటి నుంచి రాలిన పొడి మీద సన్న జల్లు పడితే రోడ్డు దోసెల పిండి ఒలికినట్టు అయిపోతుంది. ఒక మలుపులో ముందున్న లారీ బ్రేకు వేసింది. అమ్మాయీ వేసింది. బండి పక్కకి జారిపోయింది. దారిన పోయేవాళ్లు లేపి కూర్చోబెట్టారు. మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోయాయి, అంతే. అయితే తను నేల మీద పడకముందే హెల్మెట్ ఎగిరి కాలవలో పడిందట. ఆ సంగతి ఇంటికొచ్చి తనే చెప్పింది, దాచలేదు. పైనుంచి ఏదైనా పడితే కాచే టోపీ అది. మనిషే పడితే తల మీద నిలవదు. అన్నేళ్లు పెట్టుకున్న ఆయనకీ ఆ సంగతి తట్టలేదు.

"ఇక సాలు. బండి అమ్మేత్తాను. ఉద్యోగం కోసం పేణం ఇస్తావేటి?" అన్నారు ఆయన.

"నువ్వు రోజూ ఎర్రగా కాలిన ఇనుము పక్కన పని చెయ్యలేదా నాన్నా?"

"అక్కడ సేఫ్టీ ఆఫీసరుండీవోడు!"

"ఇక్కడ అమ్మ ఉంది కదా."

ఇద్దరూ నావైపు తిరిగారు. బండి లేకపోతే అమ్మాయి నందినిలో గది తీసుకోవాలి, లేదా ఉద్యోగం మానుకోవాలి. ఆటోల్లో వేలాడి వచ్చిన రోజుల్లో దాని ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు, బండి దిగి లోపలికొచ్చేటప్పుడు ఎలా ఉండేదో కూడా తెలుసు. ఆ గాలి నేనూ తిన్నదాన్నే. ఆ మోచేతికి మందు రాసిందీ నేనే.

"అమ్మొద్దు," అన్నాను. "ముందు గెడ్డం కింద బిగించుకునే హెల్మెట్లు రెండు తెండి. ఆ మలుపు నేను చూడాలి."

"నువ్వు చూసి ఏటి చేస్తావే, రోడ్డుకి బుద్ధి చెప్తావా?" అని సణిగారు. సాయంత్రానికి రెండూ తెచ్చారు.

దెబ్బలు మానాక ఎండగా ఉన్న రోజున అదే బండి మీద వెళ్లాం. మలుపులో దిగి పక్కన నిలబడ్డాం. లారీలు నిండుగా వస్తున్నాయి, ప్రతీదీ అక్కడే బ్రేకు వేస్తోంది. చెప్పుతో రోడ్డు గీరితే తెల్లపొడి లేచింది.

"లారీకి ఎంత దగ్గరున్నావే?"

చూపించింది. బండి మీంచి చెయ్యి చాపితే లారీ అందేటంత దగ్గర.

"అంత దగ్గరెందుకే తల్లీ?"

"ఓవర్‌టేక్ చేద్దామని. మజా వస్తది అమ్మా." తల దించుకుంది.

తిట్టబుద్ధి కాలేదు. ఆ మజా ఏమిటో నాకు తెలుసు. అక్కడే మాట తీసుకున్నాను. మలుపుల్లో లారీని దాటకూడదు. చినుకు పడితే బండి ముట్టకూడదు, ఎంత ఆలస్యమైనా ఆటోలోనే వెళ్లాలి.

ఇంటికొచ్చి చెబితే, "మాటలకేటి, మబ్బు పట్టిన నాడు సూద్దాం," అన్నారు ఆయన. "ఆ రోజు బండి తీసిందా, మర్నాడే అమ్మేత్తాను."

వారం తిరక్కుండానే మబ్బు పట్టింది. ఆ పొద్దున్న అమ్మాయి ఆలస్యంగా లేచింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చి ఆకాశం చూసింది. చినుకు పడీ పడనట్టుంది. నేను బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. నోరు విప్పితే నేను ఆపినట్టవుతుంది. ఆయన టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నారు.

హెల్మెట్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "భయ్యా, రుకో! రుకో!" అని అరుస్తూ వీధి చివరికి, ఆటో వెనక, గొడుగైనా లేకుండా పరిగెత్తింది.

ఆయన టీ తాగారు. లేచి వెళ్లి బండి ముందు టైరు బొటనవేలితో నొక్కి చూశారు.

"గాలి తగ్గింది," అన్నారు. "రేపు ఎండ కాస్తే ఎల్తాది గదా." పంపు కోసం లోపలికి వచ్చారు.