జ్ఞానయ్య ఆగిన చోటు

నాచారం జ్ఞానయ్యకు కాళ్ళు చెప్పిన మాట వింటాయిగానీ కొడుకు వినడు. మౌలాలి వైపు ముప్పైమూడేళ్ళు రైల్వే కీమ్యాన్‌గా చేశాడాయన. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడుస్తూ వదులైన బిగింపులు బిగించడం పని. రిటైరై ఆరేళ్ళయినా తెల్లారేసరికి ఉప్పల్ స్టేడియం దాకా ఒంటరిగా పోయి రావాల్సిందే. పోయిన ఎండాకాలం కళ్ళు తిరిగి రోడ్డు మీద పడ్డాక కొడుకు టిమోతి పట్టుబట్టాడు.

"ఒక్కనివి పోవుడు బంద్ జెయ్ బాపూ."

"నడక బంద్ జేస్తే ఇంగ నేను బతుకుడేందిరా?"

చివరికి ఓ ఒప్పందం కుదిరింది. టిమోతి ఆఫీసువాళ్ళు కొంకణ తీరంలో ఎవరైనా పాల్గొనగలిగే కొండనడకకు పోతున్నారు. అక్కడ మూడు వైపులా సముద్రమున్న కొండను పసుపు బాణాల గుర్తులు పట్టుకుని చుట్టి, బయల్దేరిన చోటికే రావాలి. పద్నాలుగు కిలోమీటర్లు, అంతా ఎక్కుడూ దిగుడూ.

"రెండు గొట్టేలోపల సుట్టొస్తే ఇంగ నిన్ను ఆపను. లేకుంటే నా మాట ఇనాలె," అన్నాడు టిమోతి. పక్కన నడుస్తానంటే మాత్రం తండ్రి ఒప్పుకోలేదు. "పరీక్ష రాసేటోని పక్కన సారు కూసుంటడా? నువ్వు ముందు వో."

మొదటి ఎక్కుడే ప్రాణం తోడేసింది. ఉప్పుగాలికి గొంతెండిపోయింది. అయినా కనిపించిన ప్రతి బాణాన్నీ చేత్తో తట్టి మరీ సాగాడు జ్ఞానయ్య. సగం దాటేసరికి పదకొండున్నర. గెలిచేశానని లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

దారి రెండుగా చీలిన చోట బాణం కొయ్య పడిపోయి ఉంది. ముందువాళ్ళు దాటాక ఏ గేదె ఒరుసుకుందో! మొన సముద్రం వైపు చూపిస్తోంది. అటు ఇరవై అడుగులేస్తే లోయే. అప్పటికే ఓ జంట అటు దిగుతోంది. కేకేసి వెనక్కి పిలిచి, ముందు కనిపించిన నిర్వాహకులకు సంగతి చెప్పమని పంపాడు. రాళ్ళు పేర్చి కొయ్యను నిలబెడితే గాలి రెండుసార్లు పడగొట్టింది.

గడియారం చూసుకుంటే పన్నెండు దాటింది. పట్టా విరిగిందని కనిపెట్టిన కీమ్యాన్ ఎర్రజెండా పట్టుకుని అక్కడే నిలబడాలి, సాయం వచ్చేదాకా కదలకూడదు. ఇది రైలు పట్టా కాదుగదా ప్రభువా అని మనసులో బతిమాలుకున్నాడు. పోతే ఎవరూ తప్పుపట్టరు. అయినా పోలేకపోయాడు.

వచ్చినవాళ్ళనల్లా సరైన దారికి మళ్ళిస్తూ ఒంటిగంటన్నర దాకా నిలబడ్డాడు. నిర్వాహకుల మనుషులొచ్చి కొయ్య పాతాకే బయల్దేరాడు. చుట్టు పూర్తిచేసేసరికి మూడున్నర దాటింది.

ఆ జంట ముందే చెప్పినట్టుంది, టిమోతి మొహం కందగడ్డయింది. "నిన్నెవరు నిలబడుమన్నరు బాపూ? గది నీ డ్యూటీనా?"

"సూసినోనిదే డ్యూటీ రా. నేను సూసిన." జ్ఞానయ్య కూర్చుని బూట్లు విప్పసాగాడు. "మాటంటే మాటే. ఇంగ ఒక్కన్ని పోను."

ఆదివారానికి ఇద్దరూ హైదరాబాదు చేరారు.

సోమవారం తెల్లవారుజామున జ్ఞానయ్య అలవాటు కొద్దీ లేచి, లేచినవాడు మంచం మీదే కూర్చుండిపోయాడు. ఏడుపొచ్చినంత పనైంది. అంతలో తలుపు తెరుచుకుంది. బూట్లు వేసుకుని టిమోతి నిలబడ్డాడు.

"ఒక్కనివి పోవుడే బంద్ అన్న. నడుసుడు గాదు. లెవ్వు."

కిలోమీటరైనా కాలేదు. మొన్నటి కొండకు పిక్కలు పట్టేసిన టిమోతి నడుం పట్టుకుని నిలబడిపోయాడు.

"జర ఆగు బాపూ, నీ ఎంట నాతోని గాదు!"