చీరాల, వాడరేవు: అలిగి వెళ్ళిన రత్నం కోసం

చీరాల చూడాలని కాదు, రత్నాన్ని వెనక్కి తీసుకురావాలని బయలుదేరాం. నానక్‌రామ్‌గూడలో మా ప్రార్థన కూటానికి డోలక్ వాయించేది అతనే. గచ్చిబౌలి బడిలో లెక్కల మాస్టారు. మల్లేశం ఇంటి మీది గదిలో కిరాయికి ఉండేవాడు. మల్లేశమూ మా కూటంవాడే, ఆఫీసు బస్సు డ్రైవరు, పుట్టి పెరిగింది నానక్‌రామ్‌గూడలోనే. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఒక బంద్ నాడు మాటా మాటా పెరిగి, "మీ ఊరికి వో!" అనేశాడు మల్లేశం. మర్నాడే రత్నం సంచి సర్దుకుని చీరాలలో తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. ఉద్యోగమూ మానేస్తానని కబురు పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకే రొట్టె విరుచుకు తిన్న చేతులు ఒకదాన్నొకటి తోసేస్తాయా! "పంపింది నువ్వు, పిలవాల్సిందీ నువ్వే," అని మల్లేశాన్ని బయలుదేరదీశాను.

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చీరాల. స్టేషను దగ్గర లాడ్జీలో రెండు మంచాల గది నాలుగు వందలు, వేణ్ణీళ్ళు బకెట్టుతో ఇస్తారు. సముద్రం పక్కనే ఉండాలంటే వాడరేవులో కాటేజీలున్నాయి, ఖర్చు ఎక్కువ. నోరు తెరిస్తే యాస పట్టేస్తారని మల్లేశం బెదిరిపోయాడు. లాడ్జీ ఆయన మాత్రం "హైదరాబాదా అండీ? రాత్రంతా ప్రయాణం, టీ తాగి పైకెళ్ళండి," అని తనే పోసిచ్చాడు. ఆ టీకి దేవునికి స్తోత్రం చెప్పి తాగాను.

పొద్దున్నే బట్టల బజారుకు వెళ్ళాం. నేత చీరలు బేరమాడకుండా కొనకండి. రత్నం తమ్ముడి కొట్టు అక్కడే. "రండి అన్నయ్యగారూ!" అని నాకు కుర్చీ వేశాడు రత్నం, మల్లేశం వైపు చూడనైనా లేదు. వాడరేవు చూపించమన్నాను. అతిథి మాట కాదనలేకపోయాడు. షేర్ ఆటోలో మనిషికి పది రూపాయలు. వాళ్ళిద్దరి మధ్య గోడలా నేను.

సముద్రం కనపడగానే మల్లేశం నిలబడిపోయాడు. "అమ్మో, గిదేంది, అవతలి ఒడ్డే లేదు!" రత్నం నవ్వు ఆపుకున్నాడు. పడవల దగ్గర చేప కొనుక్కుంటే పోలమ్మ అనే ఆవిడ తాటాకు పాకలో వండిపెడుతుంది. మా ముఖాలు చూసి, "ముళ్ళ చేపయ్యా! అలకలు తర్వాత, ముందు చూసుకు తినండి," అంది. అంతలోనే మల్లేశానికి ముల్లు గొంతులో ఇరుక్కుంది. కళ్ళ వెంట నీళ్ళు. రత్నం చటుక్కున అన్నం ముద్ద చేసి, "నమలకండి, మింగేయండి," అని నోట్లో పెట్టాడు. ముల్లు దిగింది.

ఊపిరి తిరిగాక మల్లేశం అన్నాడు: "నేను గట్ల అనొద్దుండె తమ్మీ. తప్పయింది."

"రాష్ట్రం కలిసుండాలనే నేనింకా అంటానండీ."

"అను. నాకు తెలంగాణ గావాలె, అది ఇడువ. నువ్వు గూడ గావాలె."

రత్నం చేయి కడుక్కున్నాడు. తర్వాత, "గది ఎవరికైనా ఇచ్చేశారా?" అన్నాడు.

"ఎవలకిస్త? నీ టమాట చెట్లకు నేనే నీళ్ళు పోస్తున్న. కాయలు మాత్రం తిన్న."

ఆ రాత్రి రైలు ముగ్గురం ఎక్కాం. ఇద్దరినీ గద్దించాలని బైబిల్లో మూడు చోట్ల చీటీలు పెట్టుకుని వెళ్ళాను. సంచిలోంచి తీయనే లేదు. నేను గొంతు చించుకున్నా కానిది ఒక అన్నం ముద్దతో అయింది. వండిన చేతికి, పెట్టిన చేతికి వందనాలు. మీరు వెళ్తే ఒక్క సంగతి: చేప తినడం అలవాటు లేనివాళ్ళు వంజరం అడగండి, ముళ్ళు తక్కువ. పలకరించుకోని మనిషితో వెళ్తే మాత్రం ఏ చేపైనా ఫరవాలేదు, పక్క పక్కనే కూర్చోండి.