తాడు చివర బరువు

దెయ్యాల మాట వస్తే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. కంటికి కనపడనిది, కాటాకి అందనిది నాకెందుకు అనుకునేవాణ్ణి. ఇప్పుడూ అదే అంటాను. అయినా ఇది రాస్తున్నానంటే కారణం కోపం. నాకు జరిగినదాన్ని ఒక ట్రెక్కింగ్ కంపెనీ టికెట్టు పెట్టి అమ్ముకుంటోంది.

అరకు సంతలో చింతపండు, పసుపు, కొండచీపుర్లు కొనే వ్యాపారిని. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు కాటా దగ్గర నాకు నేనే నేర్చుకున్నాను. మూటని ఒకసారి పైకెత్తి తూకం చెబితే అరకేజీకి మించి తేడా రాదు. మేకల్ని కూడా నా కాటాకే వేలాడదీస్తారు. గొప్పకి చెప్పడం లేదు. జరిగింది అర్థం కావడానికి ఇది అవసరం.

మా చెల్లెలి కూతురు శిరీష విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తుంది. మొన్న చలికాలంలో స్నేహితులతో కలిసి ఆ కంపెనీ ట్రెక్కింగ్‌కి వచ్చింది. "మావయ్యా, ఇన్నేళ్లుగా కొండల మధ్యే ఉంటున్నావు, ఒక్కటైనా ఎక్కావా? బస్తాల్నే కాదు, నీ పొట్టని కూడా ఓసారి మోసి చూడు" అని నన్నూ బయల్దేరదీసింది.

అందరం మొదటిసారి ఎక్కేవాళ్లమే. ఇరవై ఇద్దరికి ఒక్కడే లీడరు. చీపుర్ల లారీ వెనక్కి తీయడానికి కూడా వెనక ఒక మనిషి నిలబడతాడు. ఇక్కడ వెనక ఎవరూ లేరు.

కొండ మొదట్లో కొండమ్మ అనే ఆమెకి కాఫీ తోట ఉంది. సంతకి పిప్పళ్లు తెస్తుంది కాబట్టి నాకు తెలుసు. మమ్మల్ని చూసి బాట దగ్గరికి వచ్చింది.

"మంచు దిగితే ముందు నడిసినోడు అగపడడు బాబూ. మా ఇంటాయన వెనకాల వత్తాడు, తోలుకెళ్లండి."

"మ్యాప్ ఉందమ్మా" అని లీడరు ఫోన్ చూపించాడు.

"మేపు నడుత్తాదేటి?" అంది కొండమ్మ. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ముందుకి పదమన్నాడు.

సగం పైన ఒక నున్నటి రాతిబండ ఉంది. దానిమీద నీరు కారుతోంది. లీడరు ముందు ఎక్కి, పైనున్న చెట్టుకి తాడు కట్టి కిందికి వదిలాడు. నేను రెండోవాణ్ణి. చెట్టు దగ్గర తాడు పట్టుకుని, వచ్చేవాళ్లకి దన్నుగా ఉండమన్నాడు. ఉన్నాను. అప్పటికే మంచు మూసేసింది. అందరివీ కంపెనీ ఇచ్చిన పసుపు రెయిన్ కోట్లే, అందరి తలమీదా టోపీలే. నా పక్కనించి ఎవరు ఎక్కి వెళుతున్నారో కనిపించలేదు.

కాసేపటికి "అందరూ వచ్చేశారు, తాడు లాగేద్దాం" అన్నాడు లీడరు. మళ్లీ ఇటు దిగే పని లేదు. శిఖరం దాటి అవతలి పక్క దిగాలి. బళ్లు అక్కడ ఉంటాయి.

తాడు లాగాను. రాలేదు. కింద బరువు ఉంది.

చచ్చిన బరువు వేరు, బతికున్న బరువు వేరు. బస్తాని కాటాకి తగిలిస్తే ముల్లు ఒకచోట ఆగుతుంది. మేకని తగిలిస్తే ఆగదు, అది ఊపిరి తీసుకున్నా కదులుతుంది. నా చేతిలో తాడు ఆ రెండోరకంగా ఉంది. కొంచెం వదులవుతోంది, మళ్లీ బిగుస్తోంది. నలభై కేజీల దాకా ఉంటుంది. కేక వేశాను. జవాబు లేదు.

లీడరు వచ్చి తనూ లాగి చూశాడు. "వేరుకి చిక్కుకుంది అంకుల్, కట్ చేసేద్దాం" అని చాకు తీశాడు.

"కింద మనిషి ఉన్నారు."

"అందరూ పైనే ఉన్నారు అంకుల్. లేట్ అవుతోంది."

"లెక్కపెట్టావా?"

లెక్కపెట్టలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అడిగినందుకు నామీదే విసుక్కుంది ఆ ముఖం. శిరీషని పేరుపెట్టి పిలిచాను. పైనించి ఆమె స్నేహితులు "ఇక్కడ లేదు, మీ దగ్గరే ఉందనుకున్నాం" అన్నారు.

చాకు లాక్కుని పొదల్లోకి విసిరేశాను. తాడు పట్టుకుని దిగాను. దిగుతున్నంతసేపూ నా కింద తాడు బిగిసే ఉంది. కాలు నేలకి ఆనగానే వదులైపోయింది.

అక్కడ ఎవరూ లేరు. తాడు చివర రాతిమీద ఊరికే పడి ఉంది. ముడి లేదు. చేతులతో తడిమి చూశాను. చుట్టూ వేరు లేదు, పొద లేదు, తాడు ఇరుక్కునే పగులు కూడా లేదు.

అప్పుడు ఎడమవైపు దిగువనించి దగ్గు వినిపించింది. పైనుంటే వినపడే దగ్గు కాదు.

శిరీష బండకి ముందే ఒంటికి వెళ్లాల్సి వచ్చి పొదల చాటుకి తప్పుకుంది. ఆడపిల్లలకి ఆ అవసరం ఉంటుందనే ఆలోచనే లేదు ఆ కంపెనీకి. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మంచులో బాట తప్పి లోయలోకి జారింది. చీలమండ విరిగింది. అరిచి అరిచి గొంతు పోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. మేము అవతలికి దిగిపోయి ఉంటే ఆ చలిలో తెల్లారేదాకా ఉండేది కాదు.

"తాడు నువ్వే పట్టుకున్నావా అమ్మా?" అని అడిగాను.

"ఏ తాడు మావయ్యా?" అంది.

తాడు చివరికీ ఆ పిల్లకీ మధ్య రెండు లారీల పొడవు దూరం ఉంది. పైగా శిరీష అరవై కేజీలకి తగ్గదు.

స్ట్రెచరు లేదు కంపెనీకి. నా కేక విని తాడు పట్టుకుని దిగొచ్చినవాళ్లూ నేనూ మోసుకుంటూ కొంత దిగితే, మా కేకలు విని కొండమ్మ భర్త మనుషుల్ని తీసుకుని వచ్చాడు. దుప్పటిని కర్రకి కట్టి డోలీ చేసి దించారు. వాళ్ల ఇళ్లలో పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లని దించేదీ అలాగే. ఆసుపత్రి దగ్గర లీడరు మా చెల్లెలితో అన్న మాట, "చెప్పకుండా వెనకబడింది ఆంటీ, తప్పు మీ అమ్మాయిదే."

శిరీష ఇప్పటికీ కొంచెం కుంటుతుంది.

ఆ కంపెనీ ఇప్పుడు ఆ బండ ఫోటో పెట్టి 'దెయ్యం పట్టిన తాడు' అని ప్రత్యేక ట్రెక్కింగ్ నడుపుతోంది. విరిగిన కాలు సంగతి అందులో లేదు. లెక్కపెట్టని తలల సంగతి లేదు. ఫోన్ చేసి తిట్టాను. "మీ పుణ్యమే అంకుల్, సీట్లు మిగలడం లేదు" అన్నాడు ఆ లీడరు.

పోయిన సంతలో కొండమ్మ పిప్పళ్ల మూట నా ముందు దించి, తూకం చూడనివ్వలేదు.

"మా కొండని దెయ్యం కొండ సేసీసినారు. జనాలొచ్చి, కేకలేసుకుంటా, కాపీ మొక్కలు తొక్కీసి పోతన్నారు. మా అమ్మవారు ఉన్న కొండ అది. నువ్వే సెప్పినావంట కదా, తాడు ఎవులో పట్టుకున్నారని?"

"నేను దెయ్యం అనలేదు కొండమ్మా."

"అయితే ఏటీ లేదని రాసియ్యి. నీ మాటైతే నమ్ముతారు. బేగి రాయి."

రాస్తానన్నాను. కొండమీద దెయ్యం లేదు, మమ్మల్ని తీసుకెళ్లినవాడికి బాధ్యత లేదు, అంతే. ఇంతవరకూ రాయడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు. తాడు వేరుకి చిక్కుకుందని ఇంకొక్క వాక్యం కలిపితే ఆ వ్యాపారం ఆగుతుంది. కొండమ్మ తోట బాగుపడుతుంది. కానీ వేరని రాస్తే, ఆరోజు చాకు తీసినవాడిదే ఒప్పవుతుంది. అతని మాట విని ఉంటే శిరీష ఇవాళ లేదు.

నాలుగుసార్లు ఆ వాక్యం రాసి కొట్టేశాను. నా అరచేతికి తెలిసిన తూకాన్ని ఎవరి కోసమూ మార్చలేను. అది ఎవరిదో నాకు తెలియదు. వేరు మాత్రం కాదు.