ఎండ చుట్టు

మద్రాసు వ్యాసర్పాడి మునికృష్ణకు ఏభై ఎనిమిదేళ్లు. అందులో ముప్ఫయ్యారేళ్లు భూమికి కాస్త ఎగువనే గడిపాడు. రేడియో, టీవీ స్తంభాలు నిలబెట్టడం ఆయన వృత్తి. పైకెక్కినవాళ్లకు లోకం చిన్నదిగా కనిపిస్తుందంటారు. మునికృష్ణకు మాత్రం లోకం మూడు తీగలుగా కనిపించేది. స్తంభాన్ని మూడు వైపులా నేలకు లాగి పట్టుకునే ఉక్కు తీగలవి. అవి సరిగ్గా ఉంటే దేశం వార్తలు వింటుంది. లేకపోతే స్తంభమే వార్త అవుతుంది.

తీగ బిగువు కొలవడానికి కంపెనీ ఆయనకొక మీటరు ఇచ్చింది. మొదటిరోజే దాన్ని దేవుడి గూట్లో పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, మళ్లీ ముట్టలేదు. స్పానరుతో తీగమీద ఒక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గేవాడు. ఆయన "సెరి" అంటే ఇక తిరుగులేదు. ఆపైన ఆయన జట్టుకొక ఆచారం ఉంది. మద్రాసు ఎండకు ఉక్కు సాగి తీగ వదులవుతుంది గనక, పనంతా అయ్యాక బిగించే మరను ఇంకొక్క చుట్టు తిప్పుతారు. దాని పేరు ఎండ చుట్టు. అది వెయ్యనివాడికి జట్టులో టీ కూడా పొయ్యరు.

కిందటేడు ఉత్తరాన ఒక కొండల దేశం తన రేడియోనూ టీవీనీ చిట్టచివరి లోయదాకా చేర్చాలని సంకల్పించింది. ఆ మహాసంకల్పం చేతులు మారి మారి, ఎన్నూరు రోడ్డులో ఒక చిన్న కంపెనీకి ఆరు స్తంభాల ఆర్డరుగా వచ్చి వాలింది. మునికృష్ణ వెళ్లాడు. ఆ దేశానికి పేరుంది గాని, ఆయన నోట అదెప్పుడూ "పైన". ఐదు స్తంభాలు రోడ్డు పక్కనే. ఆరోది రెండు రోజులు నడిస్తే గాని చేరని కనుమ మీద. కింద ఇరవై గడపల ఊరు. స్తంభానికి కావలి నోర్బు. అతని గుడిసె స్తంభం పక్కనే, అందులో భార్య, రెండేళ్ల కూతురు. అక్టోబరు ఎండలో పని ముగించి, ఆరు స్తంభాలకీ శ్రద్ధగా ఎండ చుట్టు వేసి, దండం పెట్టుకుని మునికృష్ణ దిగివచ్చాడు.

జనవరిలో ఒకనాడు పురసవాక్కం జవుళి అంగట్లో ఆయన భార్య సీతాలక్ష్మి పదహారో చీర విప్పిస్తుండగా ఫోను మోగింది. నోర్బు, కావలికిచ్చిన శాటిలైట్ ఫోనులో. ఇద్దరూ ఇద్దరికీ సరిగా రాని హిందీలో మాట్లాడుకున్నారు.

"అన్నా, తీగ పాడుతోంది. పొద్దున్నుంచీ ఆగలేదు. పాప జడుసుకుంటోంది."

"ఫోను తీగ దగ్గర పెట్టు."

మునికృష్ణ విన్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎండకు సాగే ఉక్కు చలికి ముడుచుకుంటుంది; ఎండ చుట్టు వేసిన తీగైతే తెగేంతగా బిగుస్తుంది. బడిపిల్లలకు కూడా తెలిసిన ఆ సంగతితో మద్రాసులో ముప్ఫయ్యారేళ్లుగా ఆయనకు పనిపడలేదు.

"ఇదేందయ్యా, యాడికి పోతా ఉండావు?" అంది సీతాలక్ష్మి.

"ఆఫీసుకి. పైన తప్పు చేసొచ్చినా."

ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. సీతాలక్ష్మి చీరలు వదిలేసి వెంట నడిచింది.

కంపెనీ ఇంజనీరు కార్తికేయ గుంటూరు నుంచి వచ్చి రెండేళ్లు. "మీరు సంతకం పెట్టారు, నేను పెట్టాను, వాళ్ల ప్రభుత్వం ముద్రేసింది. ఇప్పుడు తప్పంటే ఎట్లాగండీ?"

"ముద్ర వచ్చి తీగను పట్టుకోదు సార్. నేలలో దించిన కమ్మీ పెరుక్కొని వచ్చిందంటే, స్తంభం ఆ గుడిసె మీద పడతాది."

కార్తికేయ మంచివాడు, త్వరగా భయపడతాడు. ఆ పూటే రోడ్డు పక్క ఐదు స్తంభాలకీ మనుషుల్ని పురమాయించాడు. ఆరోదాని దారి మంచుతో మూసుకుపోయింది. మార్చికి గాని తెరవదు. "నోర్బుని ఊళ్లోకి దిగిపొమ్మనండి. పడితే పడుతుంది, మళ్లీ కడదాం."

నోర్బు భార్యనూ కూతుర్నీ కిందికి పంపాడు. తను కదలలేదు. మంచుపెళ్లలు విరిగిపడే సూచన ఆ ఊరికి ముందుగా తెలుస్తున్నది ఈ మూడు నెలలుగానే, ఈ రేడియోలోనే. తెలియక అంతకు ముందటి చలికాలంలో పోయినవాళ్లలో అతని తమ్ముడున్నాడు.

"నువ్వు చెప్పు అన్నా, నేను తిప్పుతా."

తెలియని చెయ్యి ఒక తీగను ఒక్కసారిగా వదిలితే, మిగతా రెండూ స్తంభాన్ని తమవైపు లాగేస్తాయి. కిందనున్న మనిషి మిగలడు. మునికృష్ణ ఆ సంగతి దాచకుండా చెప్పాడు. నోర్బు ఏ సైజు స్పానరు కావాలని అడిగాడు.

మర్నాడు నడిమధ్యాహ్నం, తీగ ఉన్నంతలో వదులుగా ఉండే వేళ, మొదలుపెట్టారు. మునికృష్ణ ఆఫీసు గదిలో ఫ్యాను ఆపించాడు. కార్తికేయ తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లను చేతిసైగతో వెనక్కి పంపాడు.

"మొదటి తీగ. పావు చుట్టు. పావే. ఇప్పుడు కొట్టు."

టంగుమంది.

"రెండోదానికి పో. నింపాదిగా, జారేవు."

పావు, మళ్లీ పావు. తీగనుంచి తీగకు నోర్బు మంచులో నడిచే చప్పుడు, అతని ఎగశ్వాస. మూడో తీగ మర గడ్డకట్టి కదల్లేదు. వేన్నీళ్లు పొయ్యమన్నాడు. నీళ్లు కాగేదాకా ఫోను పెట్టెయ్యలేదు. ఆ మరకు తను గ్రీజు రాశాడో లేదో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాడు. గుర్తు రాలేదు.

"అన్నా, భయంగా ఉంది."

"నాకూనయ్యా. తిప్పు."

రెండు గంటలకు మూడు తీగలూ ఒకే స్వరానికి దిగాయి. నోర్బు ఊపిరి వదిలాడు.

"పాపను పైకి పిలిపించనా?"

మునికృష్ణ నోటిదాకా వచ్చిన "సెరి"ని మింగేశాడు. "ఇప్పుడొద్దు. రేపు తెల్లారి, చలి బాగా ముదిరినప్పుడు వినిపించు."

తెల్లవారుజామున ఆయన వాకిట్లో ఫోను చేతపట్టుకుని కూర్చున్నాడు. సీతాలక్ష్మి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, తనూ మెట్టుమీద కూర్చుంది. ఫోను మోగింది. మూడు దెబ్బలు. కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ కొట్టమన్నాడు. మరోసారీ కొట్టమన్నాడు.

"పిలిపించుకో," అన్నాడు.