బల్లికి కార్తీక మాసం

ఆఫీసు పని మీద మూడు వారాలు వేరే ఊళ్లో ఉండి అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా ఇంటికి తిరిగొచ్చాను. సూట్‌కేసు ఇంకా హాల్లోనే ఉంది. మా అమ్మాయి పెంచుకుంటున్న బల్లిని చూద్దామని దాని గాజుపెట్టెలోకి వంగాను. కీచురాళ్లు ఉండాల్సిన గిన్నెలో ఎండిపోయిన బొప్పాయి ముక్కలు కనిపించాయి.

"ఇదేంటి?"

"నాన్న పెట్టమన్నారు," అంది మా అమ్మాయి. పదమూడేళ్ల పిల్ల, కళ్లు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. "క్రికెట్స్ అయిపోయాయి. స్టోర్‌కి తీసుకెళ్లమంటే నెక్స్ట్ మంత్ అన్నారు. నాకు డ్రైవింగ్ రాదు కదా అమ్మా."

అది మన గోడల మీద తిరిగే బల్లి కాదు. లెపర్డ్ గెకో అంటారు. పసుపు ఒంటి మీద చిరుతపులికున్నట్టు నల్లమచ్చలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. ఒంట్లో కొవ్వంతా తోకలో దాచుకుంటుంది. తిండి లేకపోతే ఆ తోకే కరిగిపోతుంది. నేను వెళ్లేటప్పుడు నా బొటనవేలంత ఉన్న తోక ఇప్పుడు పెన్సిల్‌లా ఉంది. పురుగులు తప్ప ఇంకేదీ దానికి అరగదు. ఈ సంగతి మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

మా ఆయన్ని అడిగాను.

"కార్తీకం కదా! చికెనే మానేశాం. బతికున్న పురుగుల్ని ఇంట్లో పెట్టుకుని చంపిస్తామా?"

"చంపేది నువ్వు కాదు, బల్లి."

"కొని తెచ్చేది నేనేగా! అయినా నెట్‌లో చదివాను. పెద్ద గెకోలు వారాల తరబడి తినకపోయినా ఉంటాయట."

"ఇది పెద్దదా?"

ఆయన ఫోన్ తీసి ఆ పేజీ మళ్లీ వెతకడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. చిన్న బటన్ పనిచేయకపోతే ఎందుకు పనిచేయలేదో పది రకాలుగా పరీక్షించి చూస్తాడు. పదకొండు నెలలు బిర్యానీలో లెగ్ పీసు కోసం గరిటె పెట్టి వెతుకుతాడు. పన్నెండో నెల రాగానే తన పుణ్యం కోసం వేలెడంత ప్రాణిని పస్తు పెడతాడు. దానికి సగం చదివిన సైన్సును సాక్ష్యం తెచ్చుకుంటాడు. పూర్తిగా మూఢనమ్మకమైతే వాదించి గెలవచ్చు. ఇంటర్నెట్‌తో అతుకులేసిన మూఢనమ్మకాన్ని ఎక్కడని పట్టుకోవాలి?

కాలేజీలో నేను మొదట గెలిచిన వక్తృత్వ పోటీ బల్లిపాటు మీదే. పంచాంగంలో పట్టిక ఉంటుంది కదా, తల మీద పడితే ఇది, కుడి భుజం మీద పడితే అది అని. పడగానే తలస్నానం చేయాలని. తరతరాలుగా బల్లిని మన జాతకం అడుగుతూనే ఉన్నాం, అది ఏం తింటుందో ఒక్కరైనా అడిగారా అని ఆ రోజు గొంతు చించుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత అదే ప్రశ్న నా ఇంట్లో, నా వంటగది పక్కన నిలబడి అడగాల్సి వచ్చింది.

మర్నాడు బల్లిని జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె చిన్న త్రాసులో తూచింది, దవడ నొక్కి చూసింది. కీచురాళ్ల వెంట పరిగెత్తే ఓపిక దీనికి లేదంది. మీల్‌వర్మ్ పురుగులు పెట్టనా అని అడిగాను. వాటి పైపొర గట్టిది, ఈ స్థితిలో అరగదంది. వ్యాక్స్‌వర్మ్‌లు? అవి ఉత్త కొవ్వు, మరిగితే ఇంకేదీ ముట్టదంది. డూబియా బొద్దింకల్లో చిన్నవి తెచ్చి, కాల్షియం పొడి అద్ది పెట్టమంది. కండ ఎక్కువ, నెమ్మదిగా కదులుతాయి. రెండు వారాల్లో తోక తేరుకోకపోతే చెయ్యి దాటిపోయినట్టేనని మా అమ్మాయికి వినపడకుండా నాతో అంది.

బొద్దింకలు వద్దన్నాను. తప్పించుకుని ఇల్లంతా నిండిపోతాయన్నాను. మీ ఇంటి చలికి అవి పిల్లలు పెట్టవంది. ఎలర్జీలు వస్తాయన్నాను. ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా అని అడిగింది. లేవు. మా అమ్మాయి నన్నే చూస్తూ కూర్చుంది.

కారెక్కాక మొదలుపెట్టింది.

"అమ్మా, నీ దగ్గర రీజన్ లేదు."

"ఉంది. బొద్దింకలంటే డ్రైనేజీ, రోగాలు..."

"ఇవి ఫార్మ్‌లో క్యారెట్ తిని పెరుగుతాయి. నువ్వే చార్ట్‌లో రాశావ్."

నిజమే, రాశాను. బల్లిని తెచ్చిన కొత్తలో ఏ పురుగు మంచిదో ఒక పట్టిక గీసి ఫ్రిజ్‌కి అంటించాను. కీచురాళ్లు గోల చేస్తాయి, కంపు కొడతాయి, తినకుండా మిగిలితే బల్లినే కొరుకుతాయి. డూబియాలు అరవవు, వాసన రావు, నున్నటి గోడలు ఎక్కలేవు. అన్ని మంచి గుణాలూ రాసి చివర 'వద్దు' అని రాశాను. కారణం గడి ఖాళీగా వదిలేశాను. హాస్టల్ బాత్‌రూమ్‌లో చెప్పు పట్టుకుని బొద్దింకల వెంటపడిన రోజుల్ని ఆ గడిలో ఎలా రాయను?

"నాన్నకి కార్తీకం. నీకు కాక్రోచ్. డిఫరెన్స్ ఏంటి?"

వేదిక మీద నాకు జవాబు తట్టడానికి అర నిమిషం పట్టేది కాదు. ఇప్పుడు మూడు సిగ్నళ్లు దాటినా తట్టలేదు. నాలుగో సిగ్నల్ దగ్గర పెట్ స్టోర్ వైపు తిప్పాను.

గరాజ్ తలుపు దగ్గరే మా ఆయన డబ్బా చూశాడు.

"బొద్దింకలా? కార్తీకం ఇంకా ఆరు రోజులుంది!"

"దానికి క్యాలెండర్ లేదు నాన్నా," అంటూ మా అమ్మాయి ఆయన పక్కనుంచి లోపలికి దూసుకెళ్లింది.

పట్టకారు నేనే తీసుకున్నాను. డబ్బా మూత తీయగానే కోడిగుడ్ల అట్టల మధ్య నుంచి చరచరా చప్పుడు. డబ్బాని చేతి పొడవంత దూరం జరిపాను. ఒకదాన్ని పట్టి, కాల్షియం పొడిలో దొర్లించి, బల్లి ముందు పెట్టాను. అది చూసింది. కదల్లేదు. మా అమ్మాయి గాజుకు ముక్కు ఆనించింది. చాలాసేపటికి ఆ సన్నటి తోక చివర సన్నగా వణికింది. మరుక్షణం పట్టకారు ఖాళీ.

"తింది! అమ్మా, తింది!"

రెండోదీ తింది. మూడోది పట్టకారు మీదుగా పాకి నా మణికట్టు ఎక్కింది. నేను పెట్టిన కేకకి పక్కింటి కుక్క మొరిగింది. మా అమ్మాయి నెమ్మదిగా దాన్ని వేళ్లతో తీసి బల్లి ముందు వదిలింది. అదీ లోపలికి పోయింది.

నేను సింకు దగ్గర నిలబడ్డాను.

"ఎన్నోసారి కడుగుతున్నావ్?" వెనక నుంచి మా ఆయన.

"మూడోసారి. అయితే?"

"ఏం లేదు. బల్లి పడితే తలస్నానం అని మా అమ్మ అంటే నెల్లాళ్లు ఎగతాళి చేశావుగా. బొద్దింక పాకితే షాంపూ ఏదైనా స్పెషలా?"

ఆయన వైపు తిరిగి చూడలేదు. తడి చేత్తోనే పెన్ను తీసి ఫ్రిజ్ మీది పట్టికలో 'వద్దు' కొట్టేశాను. సిరా అలుక్కుపోయింది. తోక ఇంకా పెన్సిల్‌లాగే ఉంది, రెండు వారాల గడువులో ఒక పూట గడిచింది. రేపు మళ్లీ పట్టకారు పట్టాలి.

తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుని, చప్పుడు కాకుండా కుళాయి సన్నగా తిప్పి, నాలుగోసారి చేతులు కడుక్కున్నాను.