ఫరో ముక్కు

బొమ్మలాయనకు ఒక పిచ్చి ఉండేది. ఆధారం లేనిదే గీత గీయడు. మందుసీసాల లేబుళ్లు వేసి వేసి జుట్టు నెరిశాక, పిల్లల కోసం బైబిలు కథల బొమ్మల పుస్తకం వేసే పని దొరికింది. ఇక చూసుకోండి! బానిసల్ని విడిపించిన మోషే ప్రవక్త తొడిగిన చెప్పులెలాంటివో తేల్చడానికి మ్యూజియానికి తిరిగి తిరిగి తన చెప్పులరగదీశాడు. ఆ బానిసల్ని తరుముతూ సముద్రంలో మునిగిన ఈజిప్టు రాజు ఫరోకైతే అక్కడి రాతి తలనే ఉన్నదున్నట్టు దించాడు.

చిక్కల్లా ఆ రాతి తలకు ముక్కు లేకపోవడమే. ఎన్నడో విరిగిపోయింది. ఊహించి గీయడానికి మనసొప్పక, తల గోక్కుంటూ కిటికీలోంచి చూశాడు. ఎదుటి గోడ మీద మేయరు పోస్టరు. ముక్కంటే అదీ ముక్కు! చెయ్యి దానంతటదే దించేసింది. ఈ మహానుభావుడు గమనిస్తేగా!

ప్రెస్సు యజమాని బొమ్మలు చూసి గుండె పట్టుకున్నాడు.

"కొంప ముంచావయ్యా! బానిసల్ని కొట్టిస్తున్నది మన మేయరా?"

"అబ్బే, అది వేల ఏళ్ల నాటి రాయండీ!"

"రాయికి ఆ ముక్కెక్కడిదీ?"

బొమ్మలాయన అప్పుడుగానీ తన బొమ్మకేసి సరిగ్గా చూసుకోలేదు.

సంగతి మేయరు చెవిన పడనే పడింది. స్వయంగా ప్రెస్సుకు వచ్చి, బొమ్మలన్నీ తిరగేశాడు. సింహాసనం దగ్గర మీసం దువ్వాడు. కొరడా దెబ్బల దగ్గరా ఏమీ అనలేదు. ఫరో సముద్రంలో మునిగే చివరి బొమ్మ రాగానే మొహం మాడ్చుకున్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయిగానీ, నన్ను ముంచడమేంటయ్యా? ఇది మార్చకపోతే పుస్తకం బయటికి రాదు."

"ఒడ్డెక్కించెయ్, పీడా పోతుంది," అన్నాడు యజమాని.

బొమ్మలాయన బొమ్మలు చంకన పెట్టుకుని బయటపడ్డాడు. జన్మకు ఒక్క పుస్తకం, అదీ గాల్లో దీపమైపోయింది. ఇంటికెళ్లి భార్యకు చెప్పుకుని ఏడ్చినంత పని చేశాడు. ఆవిడ చర్చిలో ఆదివారం పిల్లలకు కథలు చెబుతుంది.

"ఆయన్ని ఒడ్డెక్కిస్తే నేను పిల్లలకి ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ ఈ కథ?" అందావిడ.

బొమ్మలాయన కొత్త కాగితం తీశాడు. రథం లేదు, కిరీటం లేదు, ముక్కు అసలే లేదు. పేజీ నిండా నీళ్లు, అంతే.

మేయరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పుడు నేను లేనుగా! వేసుకోండి," అని వెళ్లిపోయాడు.

పుస్తకం వచ్చింది. ఆదివారం ఆవిడ పిల్లలకు ఒక్కో బొమ్మా చూపిస్తూ నీళ్ల పేజీ దాకా వచ్చి, "రాజేడర్రా?" అని అడిగింది.

పిల్లలంతా ఒక్కసారే అరిచారు:

"మేయరుగారు నీళ్ల కిందున్నారు టీచర్!"