పేరు రాయని ఫొటోలు

రాయ్‌పూర్ నుంచి పార్వతీపురం వైపు వెళ్ళే పాసింజరు పొద్దున్నే బయలుదేరుతుంది. పగటి ప్రయాణం కాబట్టి జనరల్ టికెట్టు చాలు. కిటికీ పక్కన చోటు కావాలంటే మాత్రం గంట ముందే స్టేషన్లో ఉండాలి. నేను అలాగే వెళ్ళి కూర్చున్నాను. నా సంచిలో రెండు చీరలు, పులిహోర డబ్బా, నాలుగు ఆల్బంలు ఉన్నాయి.

మా తమ్ముడు సూరి పార్వతీపురంలో గుమస్తా. మా ఆయన రైల్వేలో రిటైరయ్యి, ఆ తర్వాత రెండేళ్ళకు పోయారు. అప్పటినుంచి భన్‌పురి దారిలో మేం మొదటినుంచీ ఉన్న అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. కూతురు విజయ భిలాయిలో నర్సు. వారానికోసారి వచ్చి వెళుతుంది. సూరి తన ఇంటికి ఆనించి నాకోసం ఒక గది కట్టించాడు. వచ్చి చూసి, నచ్చితే రాయ్‌పూర్ ఖాళీ చేసెయ్యమని కబురు పెట్టాడు. ఇంటి ఓనరుకు కూడా నెలాఖరులోగా మాట చెప్పాలి. చూసి వచ్చి చెబుతానన్నాను.

ఆల్బంల సంగతి కూడా చెప్పాలి. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. రైల్వే క్వార్టర్ల దగ్గర చర్చి పక్క గదిలో ఒక టీచరమ్మ సాయంత్రాలు మా తెలుగు ఆడవాళ్ళకు చదువు చెప్పేది. రోజుకో వాక్యం రాసుకురమ్మనేది. నాకు ఏమీ తోచేది కాదు. విజయ తన పాత కెమెరా ఇచ్చి, "రోజుకో ఫొటో తియ్యమ్మా, దాని గురించే రాయి" అంది. ఒక ఏడాది అలా తీశాను. రాయ్‌పూర్ పండరీ బజార్లో ఒక స్టూడియోలో కడిగించి, ప్రతి ఫొటో కింద ఒక వాక్యం రాశాను. నా ఏడాది ఎలా గడిచిందో సూరి చూస్తాడని వాటిని వెంట తీసుకెళ్ళాను.

మహాసముంద్ దాటాక పెట్టె కొంచెం ఖాళీ అయింది. ఎదురుగా రాయగడకు చెందిన ఒకాయన కూర్చున్నాడు. పండరీలో బట్టలు కొని ఊరూరా సైకిల్ మీద అమ్ముతాడట. కాంటాబంజిలో ఇద్దరం టీ తాగాం. ఆల్బం తీస్తే చెయ్యి చాచి తీసుకున్నాడు.

"పెళ్ళి ఫొటోలనుకున్నానమ్మా. ఇదేటి, వడియాలు?"

"అవును. ఉర్లా ఫ్యాక్టరీల మసి పడి నల్లబడ్డాయి. అదే రాశాను కింద."

"ఇదేటి, ఖాళీ బకెట్టు?"

"ఆవేళ నల్లా నీళ్ళు రాలేదు."

"ఇది మొత్తం నల్లగా ఉన్నాదే?"

"కెమెరా మూత తియ్యడం మర్చిపోయాను."

ఆయన చాలాసేపు నవ్వాడు. "బకెట్టుకి ఫొటో తీసినోళ్ళని మిమ్మల్నే చూసినాను" అన్నాడు. ఆ తర్వాత మాత్రం ఒక్క పేజీ వదలకుండా చూశాడు.

టిట్లాగఢ్‌లో బండి చాలాసేపు ఆగుతుంది, భోజనం అక్కడ చేస్తే మంచిది. మునిగూడ దాటాక కొండలు దగ్గరికొస్తాయి. పార్వతీపురం చేరేసరికి దీపాలు పెట్టారు. సూరి స్టేషన్‌కు వచ్చాడు.

గది బాగుంది. తూర్పు కిటికీ, కొత్త మంచం, గోడకు దేవుడి పటం. సూరి భార్య లక్ష్మి దుప్పటి కూడా కొత్తది పరిచింది. మర్నాడు టిఫిన్లయ్యాక సూరి అసలు మాట ఎత్తాడు.

"విజయకి డ్యూటీలు. పండక్కీ నేదు, పబ్బానికీ నేదు. అక్కడ నీకెవులున్నారప్పా? ఒక్క మనిషి పేరు సెప్పు."

నేను చెప్పలేదు. అతను జవాబు దొరికిందనుకున్నాడు. సామాను ఏ లారీలో వేయించాలో మాట్లాడడం మొదలుపెట్టాడు.

లక్ష్మి ఆల్బంలు తిరగేస్తోంది. "వదినా, ఈవిడెవరు? నల్లా దగ్గర ఈవిడే, వడియాల దగ్గర ఈవిడే. మీకు జ్వరం వచ్చినప్పుడు జావ పట్టుకొచ్చిందీ ఈవిడే. కింద ఎక్కడా పేరు రాయలేదు."

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆమె మా పక్కింటి ఛత్తీస్‌గఢీ మనిషి. అక్కడ శ్రావణమాసంలో బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు, వాటిని భోజలి అంటారు. రాఖీ మర్నాడు చెరువులో నిమజ్జనం చేసి, మిగిల్చిన మొలకలు ఒకరి చెవిలో ఒకరు పెట్టుకుంటే జీవితాంతం స్నేహితులైనట్టు. ఆ తర్వాత ఒకరి పేరు ఒకరు పలకకూడదు. "సీతారామ్ భోజలీ" అని పలకరించుకోవాలి. మేమిద్దరం ఆ మొలకలు పెట్టుకునేనాటికి విజయ ఇంకా బడిలో కూడా చేరలేదు.

సూరి నవ్వాడు. "మొగుడి పేరు సెప్పని ఆడోళ్ళని సూసినాను గానీ, పక్కింటావిడి పేరు సెప్పనిదాన్ని సూళ్ళేదు. నీకు మా బావ పేరూ నోట్లోంచి రాదు, ఈవిడి పేరూ రాదు."

"రాదురా" అన్నాను.

"పోనీ రాయప్పా. ఇప్పుడు రాత ఒచ్చు గదా. రాస్తే పలికినట్టు కాదు."

లక్ష్మి పెన్ను ఇచ్చింది. ఆల్బం నా ముందు పెట్టింది. నేను ముసలితనంలో నేర్చుకున్నదాన్ని. పెదవులు కదపకుండా ఒక్క అక్షరం కూడా రాయలేను. ప్రతి అక్షరం పలికితేనే చెయ్యి కదులుతుంది. మొదటి అక్షరం పెదవుల దాకా వచ్చింది. పెన్ను పక్కన పెట్టాను.

సూరి నవ్వడం ఆపాడు. కాసేపు ఆల్బం చూశాడు, తర్వాత కిటికీ వైపు చూశాడు.

"గదిలో ఏటి తక్కువయింది?" అన్నాడు.

"ఏమీ తక్కువ కాలేదు. నేను రానురా. అక్కడే ఉంటాను."

సూరి లారీ మాట వదిలేసి పనికి వెళ్ళిపోయాడు. సాయంత్రం కూరగాయలు తెచ్చి, వంకాయలు నా ముందు పెట్టి, "నువ్వొండు, నక్ష్మికి ముద్దకూర కుదర్దు" అన్నాడు. లక్ష్మి వంటింట్లోంచి, "వినబడుతోంది" అంది.

మూడో రోజు తిరుగు ప్రయాణం. పొద్దున పాసింజరుకే ఎక్కాను. స్టేషన్లో సూరి కిటికీ దగ్గర నిలబడి, "ఆ గదికి తాళమెయ్యను. పిల్లలు సదువుకుంటారు. నువ్వొచ్చినప్పుడు లేసిపోతారు" అన్నాడు. బండి కదిలాక ఇంకో మాట అన్నాడు. "ఆవిడికి సెప్పు, సీతారామ్ అని."

వెళ్ళేటప్పుడు కొండలు సాయంత్రపు వెలుగులో కనిపించాయి, వచ్చేటప్పుడు పొద్దుటి మంచులో. రెండూ బాగానే ఉంటాయి. ఈ దారి తొందరపడేవాళ్ళకు పనికిరాదు. ప్రతి స్టేషన్లోనూ ఎవరో ఒకరు బుట్టతో ఎక్కి తర్వాతి స్టేషన్లో దిగుతారు. ఖరియార్ రోడ్ దాటాక చుట్టూ ఛత్తీస్‌గఢీ మాటలు వినిపించసాగాయి. అన్నీ అర్థమవుతున్నాయని అప్పుడు గమనించాను.

ఆకలేసి సంచి విప్పాను. లక్ష్మి మామిడి తాండ్ర రెండు పొట్లాలు కట్టింది. ఒకదాని మీద "వదినకి" అని పెద్ద అక్షరాలతో, నాకు చదవడానికి వీలుగా, రాసింది. రెండో దాని మీద ఏమీ రాయలేదు.

నా పొట్లం విప్పి ఒక ముక్క తిన్నాను. రెండోదాన్ని నలగకుండా ఆల్బంల మీద పెట్టాను.